నయాగరా దారిలో బాక్సర్ల పంచాయితీ

న్యూజెర్సీ నుంచి నయాగరాకి కారులో బయల్దేరే మనవాళ్ళంతా సిరక్యూస్ దగ్గర పడమరకి తిరుగుతారు, మేం మాత్రం తూర్పుకి తిరిగాం. పాతిక మైళ్ళు పోతే హైవే 34వ ఎగ్జిట్ పక్కనే కనస్టోటా. అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నది అక్కడే. జలపాతం ఎక్కడికీ పారిపోదు కదా అని నేనూ బావా అంటే అక్క మొహం మాడ్చుకుంది. ఇండియా నుంచి వచ్చిన నాన్న మాత్రం ఎక్కడికైనా రెడీ.

ఇంత చిన్న ఊళ్ళో ఇదెందుకు పెట్టారంటే, 1957లో అప్పటి ఛాంపియన్ షుగర్ రే రాబిన్సన్‌ని ఓడించిన బాక్సర్ కార్మెన్ బసీలియోది ఈ ఊరే. వాళ్ళ నాన్న ఉల్లిపాయల రైతు. మేనల్లుడు బిల్లీ బాకస్ కూడా 1970లో వెల్టర్‌వెయిట్ అనే బరువు తరగతిలో ఛాంపియన్ అయ్యాడు. "మేనమామ పోలిక" అన్నాడు నాన్న వెంటనే.

మ్యూజియం చిన్నదే, మన ఊళ్ళో కల్యాణమండపమంత కూడా ఉండదు. కానీ 1925 నుంచి 2007 దాకా మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాడిన రింగు ఇప్పుడు ఇక్కడే ఉంది, అలీ-ఫ్రేజియర్ మొదటి ఫైట్ దాని మీదే జరిగింది. ఇంకో చోట బాక్సర్ల పిడికిళ్ళకి తీసిన అచ్చులున్నాయి. భారీకాయుడైన ప్రైమో కార్నెరా పిడికిలి పక్కన నాన్న తన పిడికిలి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మా విజయనగరం కోడి రామమూర్తి ఏనుగుని గుండెల మీదకి ఎక్కించుకునేవాడు, వీళ్ళెంత" అని తేల్చేశాడు.

"మావయ్యగారూ, అది కళ్ళారా చూసినవాళ్ళు ఎవరున్నారండీ?" అన్నాడు బావ.

"మీ డెంప్సీని మీరు చూశారేంటి అల్లుడుగారూ?"

అక్కడ మొదలైంది, పాతకాలపు బాక్సర్లలో అందరికంటే గొప్పవాడెవరని పంచాయితీ.

బావకి పాత హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ డెంప్సీ అంటే పిచ్చి. 1919లో టొలీడోలో ఆరున్నర అడుగుల జెస్ విలర్డ్‌ని మొదటి రౌండ్లోనే ఏడుసార్లు కింద పడేశాడు, దానికి ఫిల్ము ఉంది, ఇంక మాటల్లేవంటాడు. గ్లవ్స్ లోపల చేతికట్లకి ప్లాస్టర్ పూశానని డెంప్సీ పాత మేనేజర్ కెర్న్స్ తర్వాతెప్పుడో చెప్పిన కథని నేనూ నమ్మను, అప్పటికే ఇద్దరికీ చెడి కోర్టులదాకా వెళ్ళారు. నా గొడవ వేరే. 1919 నుంచి 1926 దాకా ఛాంపియన్‌గా ఉన్న మనిషి నల్లజాతి బాక్సర్ హారీ విల్స్‌తో ఒక్కసారి కూడా ఆడలేదు. "ప్రమోటర్లు ఆ ఫైట్ పడనివ్వలేదురా" అంటాడు బావ. కావచ్చు, కానీ టైటిల్ డెంప్సీ దగ్గరే ఉండిపోయింది కదా.

సరే జాక్ జాన్సన్ అందామా? 1908లో సిడ్నీలో టామీ బర్న్స్‌ని కొట్టి మొదటి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు, 14వ రౌండ్లో పోలీసులే ఆపాల్సి వచ్చింది. 1910 జులై 4న రీనోలో, తెల్లవాళ్ళ పరువు నిలబెట్టమని రిటైర్మెంట్ నుంచి లాక్కొచ్చిన మాజీ ఛాంపియన్ జెఫ్రీస్‌ని 15వ రౌండ్లో పడగొడితే దేశమంతా అల్లర్లయ్యాయి. 1915లో హవానాలో ఓడిపోయినప్పుడు కింద పడి ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు కనిపించే ఫోటో చూపించి, కావాలనే పడ్డాడని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. 26 రౌండ్లు ఎండలో మాడి ఓడిపోవడానికి అంత నాటకం ఎందుకో నాకర్థం కాదు.

నా ఓటు మాత్రం శామ్ లాంగ్‌ఫోర్డ్‌కి. నోవాస్కోషియాలో పుట్టి బోస్టన్‌లో బాక్సర్ అయినవాడు, పొట్టి. 1906లో బోస్టన్ పక్కనున్న చెల్సీలో తనకంటే చాలా బరువున్న జాన్సన్‌తో 15 రౌండ్లు నిలబడ్డాడు. ఆ రోజు లాంగ్‌ఫోర్డే జాన్సన్‌ని పడగొట్టాడని అతని మేనేజర్ ఏళ్ళ తరబడి చెప్పుకుంటూ తిరిగాడు, అది ఉత్త కట్టుకథ, జాన్సన్ గెలిచాడు. కానీ ఛాంపియన్ అయ్యాక జాన్సన్ మళ్ళీ లాంగ్‌ఫోర్డ్ మొహం చూడలేదు! ఏడేళ్ళలో టైటిల్ కోసం ఒక్క నల్లజాతి బాక్సర్‌తోనే ఆడాడు, 1913లో పారిస్‌లో జిమ్ జాన్సన్‌తో, అదీ డ్రా. నల్లవాడని తనని ఏళ్ళ తరబడి గేటు బయట నిలబెట్టారని కోపమున్న మనిషే మళ్ళీ గేటు వేశాడు. మిగతా ఛాంపియన్లందరి కంటే జాన్సన్ మీదే నాకు ఎక్కువ మండేది ఇందుకే. లాంగ్‌ఫోర్డ్‌కి ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ ఫైట్ ఒక్కటీ రాలేదు, చివరికి 1944లో ఓ పత్రికా విలేఖరి వెతుక్కుంటూ వెళ్తే చూపు పోయి, డబ్బుల్లేక హార్లెమ్‌లో ఒక చిన్న గదిలో దొరికాడు.

ఇక్కడ 1990లో పెట్టిన మొదటి బ్యాచ్ పేర్లలో జాన్సన్, డెంప్సీతోపాటు అతనూ ఉన్నాడు. బావకి వేలు పెట్టి చూపించాను.

"బెల్టు లేనివాడు ఛాంపియన్ ఎలా అవుతాడ్రా?"

బఫెలో దాకా ఇదే గోల. చివరికి అక్క కారులో బాక్సింగ్ మాటెత్తితే ఫాల్స్ దగ్గర ఇద్దరికీ భోజనం లేదని చెప్పింది. మీరెవరైనా వెళ్ళాలనుకుంటే జూన్‌లో ప్లాన్ చేసుకోండి, అప్పుడైతే కొత్తవాళ్ళని హాల్‌లో చేర్చే వేడుకకి పాత ఛాంపియన్లు కూడా వస్తారు.