బుడమేరు వెళ్లిన చోటుకి

2024 సెప్టెంబరు మొదటి వారంలో విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చిన బుడమేరు నీరు, పోతూ పోతూ హాలు గోడ మీద ఒక మట్టిచార వదిలి వెళ్లింది. రెండుసార్లు సున్నం వేయించినా అది పూర్తిగా పోలేదు. ఏళ్ల తరబడి ఆ ఏటి పక్కనే ఉంటూ, దాన్ని మురుగుకాలువ తప్ప మరొకటి కాదనుకున్న నాకు, ఆ నీరు చివరికి ఎక్కడికి పోతుందో చూడాలన్న బుద్ధి అప్పుడు పుట్టింది. అది చేరేది కొల్లేటికి. అందుకే ఆ డిసెంబరులో ఒక ఉదయం గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే రైలెక్కి కైకలూరులో దిగాను.

కైకలూరు పక్కనే ఆటపాక. అక్కడి పక్షుల కేంద్రంలో పడవ ఎక్కగానే ముందు పలకరించేది పక్షులు కాదు, రెట్టల వాసన. కాసేపటికి ముక్కు దానికి అలవాటు పడుతుంది. నీటి మధ్య నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు పుల్లలు పేర్చుకుని గూళ్లు కట్టుకున్నాయి. ఒక పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చేసి, అర్ధనిమిషం పాటు కనిపించకుండా పోయి, గొంతులో చేప అడ్డుపడినట్టు గింజుకుంటూ బయటికి వచ్చింది. చెట్లు నీళ్లలో ఎండిపోతే వాటి స్థానంలో ఈ స్టాండ్లు పెట్టారని పడవ నడిపే కుర్రాడు చెప్పాడు. పక్షులు వాటిని చెట్లుగానే స్వీకరించాయి.

ఈ గూడబాతులకు కొల్లేటి ప్రాంతంతో ఉన్న బంధం పాతది. కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర వీటి పెద్ద గూళ్ల కాలనీని గుర్తించారు. 1970ల నాటికి ఆ కాలనీని పక్షులు వదిలేశాయి. ఇప్పుడు అవి మళ్లీ గూళ్లు కడుతున్న ఆటపాకను పడవలోంచి తీరిగ్గా చూస్తే ఒక సంగతి తట్టింది: దీని చుట్టూ కూడా గట్టే ఉంది. చేపల కోసం కొల్లేటిని గట్లతో ముక్కలు చేశామని బాధపడే మనం, పక్షులకు కేటాయించిన చోటును కూడా ఒక చెరువుగానే మిగుల్చుకున్నాం.

ఆలపాడు మీదుగా కొల్లేటికోటకు వెళ్లే దారిలో ఆ ముక్కలు రెండు వైపులా కనిపిస్తాయి. ప్రతి చెరువులోనూ వెదుళ్లు పాతి, వాటికి తవుడూ చెక్కా నింపిన ప్లాస్టిక్ సంచులు కట్టారు. సంచుల అడుగున చిల్లులు పెడతారు. బొచ్చెలూ శీలావతులూ కింద నుంచి పొడుచుకు తింటుంటే సంచి కదులుతూ ఉంటుంది. కొన్ని చెరువుల మీద పక్షులు దిగకుండా దారాలు లాగి ఉన్నాయి. రెండు కిలోమీటర్ల అవతల మనం టికెట్టు కొని చూసిన గూడబాతే ఇక్కడికి వస్తే దొంగ. పక్షి మారలేదు, నీళ్లూ మారలేదు. మారినదల్లా ఆ నీటిని మనం ఏమని పిలుస్తున్నామన్నదే.

కొల్లేటికి అలాంటి పేర్లు చాలానే పెట్టారు. రెవెన్యూ కంటికి అది సాగుకు రాని మునక భూమి. 1970లలో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చినప్పుడు అది పేదరికానికి మందు. చేపల పెంపకపు శాస్త్రం ముదిరి, దిగుబడి పెరిగి, పెట్టుబడి ఉన్నవాళ్లు గుత్తలకు తీసుకోవడం మొదలయ్యాక అది కలకత్తా లారీల సరుకు. 1999లో అయిదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా పరచుకునే 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందపు చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో చెరువు గట్లను పేలుడు పదార్థాలు పెట్టి పగలగొట్టారు. ఆ తరువాత అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. పి.ఎ. అజీజ్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ అది తగదని చెప్పింది. పగిలిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి.

ఈ వాదంలో నేను అయిదో కాంటూరు పక్షమే. అయినా ఆ దారిలో నడుస్తుంటే కాంటూరు అనే ఊహలోనే ఒక ఇబ్బంది ఉందనిపించింది. పదో కాంటూరు దాకా నీరు లేస్తే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు పరచుకుంటుందని లెక్క. వేసవిలో అదే సరస్సు కుంచించుకుపోతుంది. ఒకప్పుడు లంక గ్రామాలవాళ్లు వానాకాలమంతా తాటి దోనెల మీద చేపలు పట్టి, నీరు తీసిన నేలలో దాళ్వా వరి వేసి, మిగిలిన చోట పశువులను మేపుకునేవారు. అంటే వాళ్ల కొల్లేటికి హద్దు నెలను బట్టి జరిగేది. చెరువు యజమానికి జరిగే హద్దు పనికిరాదు, పట్టా దాని మీద నిలవదు. అటవీశాఖకూ పనికిరాదు, కేసు దాని మీద నిలవదు. బద్ధశత్రువుల్లా కనిపించే ఈ ఇద్దరూ కదలని గీత ఒకటి కావాలన్న దగ్గర మాత్రం ఏకమవుతారు. మూడో కాంటూరు, అయిదో కాంటూరు అనే రెండు గీతల మధ్య పడినవాళ్లలో పరిహారం మాట తేలని పట్టాదారులూ ఉన్నారు, చెరువులు పోయాక వలసపోయిన కూలీలూ ఉన్నారు.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ముందు కాసేపు కూర్చున్నాను. ఇక్కడ ఒక కథ చెబుతారు. పూర్వం ఈ కోటలో ఉన్న ఒడ్డె (ఒడిశా) రాజును శత్రువు చుట్టుముట్టాడట. సరస్సు దాటలేక, నీరు దించడానికి సముద్రం దాకా కాలువ తవ్వించాడట. అదే ఉప్పుటేరు అంటారు. ఆ యుద్ధంలో దేవతల అనుగ్రహం కోసం ఒక ఆడపిల్లను తండ్రే బలి ఇచ్చాడని కూడా చెబుతారు. ఇది చరిత్ర అవునో కాదో గానీ, కొల్లేటిని జయించాలంటే ముందు దాన్ని ఎండగట్టాలన్న ఆలోచన చేపల చెరువులకంటే ఎంతో ముందే ఇక్కడివాళ్ల నోట ఉందన్నమాట. నిజంగానైతే కొల్లేటి నీరు సముద్రానికి పోయే దారి ఆ ఉప్పుటేరు ఒక్కటే. పెదఎడ్లగాడి వంతెన దగ్గర గుర్రపుడెక్క కలుపు అడ్డుపడితే పైనున్న ఊళ్లలో నీరు నిలుస్తుంది.

గుడి అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే అడిగాడు.

“ఏ ఊరు బాబూ?”

“విజయవాడండీ. సింగ్ నగర్.”

అప్పుడు తలెత్తాడు. “అయితే మొన్న మాకొచ్చినయ్యి మీ నీళ్లే. మీ ఇంట్లో ఎన్నాళ్లున్నాయి?”

“వారం పైనే ఉన్నాయండీ.”

“మా రోడ్డు మీంచి దసరా ముందుగానీ దిగలేదు” అన్నాడు, ఫిర్యాదు లేని గొంతుతో. నీళ్లు రావడం తప్పు కాదనీ, వచ్చిన నీళ్లకు పోయే చోటు లేకపోవడమే తప్పనీ ఆయన లెక్క. చెరువు గట్ల గురించి అడిగితే నవ్వి, తన కొడుకు కూడా ఒక చెరువు మీద కాపలా ఉద్యోగమే చేస్తున్నాడని చెప్పాడు.

మంచినీళ్లకని పక్కనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్లాడు. గుమ్మం పక్క గోడ మీద, మోకాలి ఎత్తు నుంచి నడుం దాకా, బొగ్గుతో గీసిన అడ్డగీతలు అయిదారున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో వరద. ఏ గీత ఏ ఏటిదో రాసుకోలేదు గానీ, మనవరాలు పుట్టిన ఏడు ఇది, పెద్దగేదె కొట్టుకుపోయిన ఏడు ఇది అంటూ వేలితో చూపించాడు. మీ ఇంట్లో ఎంత ఎత్తుకు వచ్చిందని అడిగితే నా తొడ మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన ఆ ఎత్తును తన గోడ మీద గీతలతో సరిచూసుకుని, గీసుకున్నావా అన్నాడు. సున్నం వేయించానని చెప్పడానికి మొహం చెల్లలేదు.