ప్రభల తీర్థం డప్పులు వెనక నుంచీ వినిపించాలంటే

కనుమనాడు కోనసీమ జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థంలో ముందు రెండు, వెనక రెండు మైకులు పెట్టి తీసిన రికార్డింగును మామూలు స్టీరియోగా కలిపేస్తే, వెనక డప్పులన్నీ ముందుకొచ్చి కూర్చుంటాయి. వాటిని, వినేటప్పుడు మళ్లీ వెనక్కి విడదీయగలిగేలా, రెండు చానెళ్లలోనే దాచేది మ్యాట్రిక్స్ ఎన్‌కోడింగ్.

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో వెనక ట్రాకులు రెండూ కలిపి మోనో (ఒకే చానెల్) చేసి, 3 డెసిబెల్స్ తగ్గించండి. ఒక కాపీ ముందు ఎడమ ట్రాకుకి, ఇన్వర్ట్ చేసిన (తరంగాన్ని తలకిందులు చేసిన) కాపీ ముందు కుడి ట్రాకుకి కలపండి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఒకే డప్పు ముందు మధ్యలోనూ వెనకా సమానంగా పడితే, ఎడమలో కూడుకుంటుంది, కుడిలో కొట్టుకుపోతుంది. శబ్దం ఎడమకి ఒరుగుతుంది. అందుకే ఇన్వర్ట్‌కి ముందే వెనక ట్రాకుని ఒక ప్లగిన్‌తో 90 డిగ్రీల ఫేజ్ షిఫ్ట్ (తరంగాన్ని పావు చుట్టు జరపడం) చేయాలి. ఆ ప్లగిన్ ఎంత ఆలస్యం తెస్తే, ముందు ట్రాకుల్ని కూడా అంతే జరపండి.

5.1 ఫైలుంటే (ఐదు చానెళ్లు, ఒక సబ్‌వూఫర్) ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్‌లైన్ టూల్ డాల్బీ ప్రో లాజిక్ 2 మ్యాట్రిక్స్‌తో నేరుగా రెండు చానెళ్లకి దించుతుంది. సబ్‌వూఫర్ చానెల్‌ని మాత్రం మామూలుగా వదిలేస్తుంది, అది మీరే కలుపుకోవాలి.

నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫార్మాట్‌లోనే దాచండి. తక్కువ బిట్‌రేట్ ఎంపీ3 ఫేజ్ తేడాల్ని చెరిపేస్తుంది. పరీక్ష తేలిక: మోనో చేసి వినండి, వెనక డప్పులు మాయమవ్వాలి. హోమ్ థియేటర్ రిసీవర్‌లో ప్రో లాజిక్ మోడ్ వేస్తే అవే వీపు వెనక మోగుతాయి.