లక్ష్యాలు రాసుకోవడంలో నా అనుభవం: శిక్షణ నేర్పనిది, నేను నేర్చుకున్నది

జీవితంలో నాకు నిజంగా ఏమి కావాలో కూర్చుని రాసుకోవాలని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాను. ఎట్టకేలకు ఈ ఏడాది ఆ పని పూర్తిచేశాను. ఫలితం విషయంలో నాకు ఎంతో తృప్తి ఉంది. కానీ మధ్యలో ఒక శిక్షణ తరగతిలో జరిగినదాని మీద కోపం ఇంకా చల్లారలేదు. అది చల్లారకముందే రాస్తే ఇదే దారిలో వెళ్లబోయేవారికి పనికొస్తుందని ఇప్పుడే రాస్తున్నాను.

మొదటి మెట్టు సులువు. తెల్ల కాగితం తీసుకుని మనసుకు తోచినవన్నీ రాశాను. ఉద్యోగంలో పై హోదా, బరువు తగ్గడం, ఈత, చిన్నప్పుడు మానేసిన వయొలిన్ మళ్లీ పట్టుకోవడం, నాన్న జ్ఞాపకాలను ఆయన నోటనే విని రాసిపెట్టడం. ఇంకా కొన్ని ఉన్నాయి. ఒక సాయంత్రంలో అయిపోయింది.

ఇక రెండో మెట్టు. జాబితా అయితే వచ్చింది కానీ ఇందులో ఏది ముందు, ఏది వెనుక, దేన్ని వదిలేయాలి అన్నది తేలలేదు. పనిచేసేచోట ఒకరు మెచ్చుకుంటే వారాంతంలో జరిగే ఒక లక్ష్యసాధన శిక్షణలో చేరాను. దాన్ని నడిపినవారి పేరు ఇక్కడ రాయను. పేరు ఏదైనా పద్ధతి ఇదే అయిన శిక్షణలు చాలానే ఉన్నాయి.

తరగతి మొదలవగానే శిక్షకుడు ఒక కథ చెప్పారు. 1953లో యేల్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించిన విద్యార్థులలో 3 శాతం మంది మాత్రమే తమ లక్ష్యాలను కాగితం మీద రాసుకున్నారట. 20 ఏళ్ల తర్వాత చూస్తే ఆ 3 శాతం మంది ఆస్తి మిగతా 97 శాతం మంది ఆస్తి మొత్తం కన్నా ఎక్కువగా ఉందట. గది మొత్తం నిశ్శబ్దంగా వింది. తర్వాత కళ్లు మూసుకుని మేం సాధించబోయే విజయాన్ని కళ్లకు కట్టినట్టు ఊహించుకోమన్నారు. ఏ అలవాటైనా 21 రోజులు చేస్తే మనదైపోతుందన్నారు. అక్కడివరకు నాకు ఏ ఇబ్బందీ లేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరిని లేపి, తమ లక్ష్యాన్ని అందరి ముందు బిగ్గరగా చదవమన్నారు. ప్రతి లక్ష్యాన్నీ ‘స్మార్ట్’ అనే అయిదు కొలతలతో పరీక్షిస్తామన్నారు. స్పష్టంగా ఉండాలి, కొలవడానికి వీలుండాలి, సాధ్యం కావాలి, సందర్భానికి తగి ఉండాలి, గడువు ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అది లక్ష్యం కాదు, పగటి కల అన్నారు.

నాకన్నా ముందు ఒక పెద్దాయన లేచారు. ఉద్యోగ విరమణ చేసినవారు. కాగితం చూడకుండానే, “నా కోపం తగ్గించుకోవాలి, ఇంట్లోవాళ్లు నన్ను చూసి భయపడకూడదు” అన్నారు. ఆ మాట పదిమందిలో అనడానికి ఆయన ఎంత ధైర్యం కూడదీసుకున్నారో ఆ గొంతులోనే తెలిసింది. శిక్షకుడు వెంటనే, “రోజుకు ఎన్నిసార్లు కోపం వస్తుంది సార్? అంకె చెప్పండి” అన్నారు. పెద్దాయన తడబడ్డారు. “సరే, పదిసార్లు అనుకుందాం. సున్నాకు ఎప్పటికి తెస్తారు? తేదీ చెప్పండి” అన్నారు. వెనక వరుసలో ఎవరో నవ్వారు, ఆ నవ్వు గదంతా పాకింది. శిక్షకుడు కూడా నవ్వారు. పెద్దాయన కూర్చున్నారు. భోజన విరామం తర్వాత ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది.

ఆ తర్వాత నా వంతు. నాన్న జ్ఞాపకాలు రాయాలన్న కోరికను చదివాను. “ఇది మీ లక్ష్యమా, మీ నాన్నగారి లక్ష్యమా?” అని అడిగారు. నాదేనన్నాను. “దీనివల్ల మీ హోదా పెరుగుతుందా? ఆదాయం పెరుగుతుందా? ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి లక్ష్యం ఎందుకు మేడమ్?” అన్నారు. మళ్లీ నవ్వులు. నా ముఖం వేడెక్కడం నాకే తెలుస్తోంది. నాన్న వయసు, ఆయన మరుపు, ఆయన తర్వాత ఆ కథలు చెప్పడానికి మరెవరూ లేకపోవడం, ఇవన్నీ ఆ గదిలో విప్పి చెప్పే విషయాలు కావు. నేను మౌనంగా నిలబడ్డాను. ఆయన బోర్డు దగ్గరికి వెళ్లి నా వాక్యాన్ని కొట్టేసి, “డిసెంబరు 31 లోపు 200 పేజీల పుస్తకం” అని రాశారు. దాన్ని నాచేత మూడుసార్లు గట్టిగా చదివించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా జీవితంలో ఇంత అవమానకరమైన చప్పట్లు ఎన్నడూ వినలేదు.

అది ఆ గదితో పోలేదు. ప్రతి వారం ఎంత శాతం పూర్తయిందో వారి బృందానికి ఫోనులో పంపాలని నియమం పెట్టారు. శాతం తక్కువైతే పేరు ఎర్ర రంగులో కనబడుతుంది. ఆ ఎర్ర రంగు చేసిన పని ఏమిటో చెబుతాను. నాన్న దగ్గర కూర్చుంటే ఆయన చెప్పేది మెల్లగా సాగుతుంది. ఒక పేరు గుర్తుకు రాక ఆగుతారు, ఆ పేరు కోసం వెతుకుతూ ఇంకో కథలోకి వెళ్తారు. అసలు సంగతి తరచూ ఆ ఇంకో కథలోనే ఉంటుంది. కానీ నా చేతిలో 200 పేజీల లెక్క ఉంది. “తర్వాత ఏమైంది నాన్నా?” అని తొందరపెట్టే పరిస్థితి తెచ్చింది ఆ లెక్క. ఒకరోజు ఆయన చెప్పడం ఆపేసి, “నువ్వు వినడానికి వచ్చావా అమ్మా, రాసుకోవడానికి వచ్చావా?” అని అడిగారు.

ఆ రోజే ఆ బృందం నుంచి బయటికి వచ్చేశాను. తర్వాత, మాకు చెప్పినవాటిలో ఎంత నిజం ఉందో చూద్దామని చదవడం మొదలుపెట్టాను. మోసపోయానన్న బాధ ఉన్నప్పుడు మనిషి ఎంత శ్రద్ధగా చదువుతాడో నాకు అప్పుడు తెలిసింది.

యేల్ కథ ఉత్తిది. అలాంటి అధ్యయనం జరిగినట్టు ఆ విశ్వవిద్యాలయం దగ్గరే ఆధారం లేదు. 1990లలో ఒక అమెరికన్ వ్యాపార పత్రిక దాని మూలం కోసం ఆరా తీస్తే, ఆ కథ చెప్పే ప్రసిద్ధ వక్తలు ఒకరు మరొకరి పేరు చెప్పి తప్పుకున్నారు. 21 రోజుల లెక్క 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట నుంచి పుట్టింది. శస్త్రచికిత్స తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. అందులోని ‘కనీసం’ కాలక్రమంలో ఎగిరిపోయింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక పని అలవాటుగా కుదరడానికి మనిషినిబట్టి, పనినిబట్టి 18 నుంచి 254 రోజుల వరకు పట్టవచ్చు. మధ్యస్థ విలువ 66 రోజులు, అంటే సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా వారే తేల్చారు. 22వ రోజున తమలోనే లోపం ఉందనుకుని మానేసినవారు ఎందరుంటారో!

కళ్లు మూసుకుని విజయాన్ని ఊహించుకోవడం సంగతి ఇంకా ఆశ్చర్యం. గాబ్రియేలె ఓటింగెన్, థామస్ వాడెన్ 1991లో బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళలను పరిశీలించారు. సాధించగలమన్న నమ్మకం ఉన్నవారు ఎక్కువ తగ్గారు. సాధించేసినట్టు తియ్యగా ఊహించుకున్నవారు తక్కువ తగ్గారు. అందరి ముందు చదివించడం విషయానికి వస్తే, పీటర్ గోల్‌విట్జర్ బృందం 2009లో చేసిన ప్రయోగాలు చదవాలి. ఫలానా వృత్తిలో స్థిరపడాలనుకునే విద్యార్థుల సంకల్పాన్ని ఇతరులు గుర్తించినప్పుడు, ఆ విద్యార్థులు దాని కోసం తక్కువ కృషి చేశారు. గుర్తింపు ముందే దొరికితే పని చేసేశామన్న భావన కలుగుతుందని వారి వివరణ.

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసింది ‘స్మార్ట్’ పుట్టుక. జార్జ్ డోరన్ అనే ఆయన 1981లో మేనేజర్ల పత్రికలో రాసిన చిన్న వ్యాసం అది. ఆయన రాసిన మూల పద్ధతిలో మూడో కొలత ‘సాధ్యం కావాలి’ కాదు, ఆ పని ఎవరికి అప్పగించాలో చెప్పాలన్నది. అంటే అది సంస్థలో అధికారులు కింది ఉద్యోగులకు పనులు పంచడానికి పుట్టిన పద్ధతి. పైగా ప్రతి లక్ష్యానికీ అయిదు కొలతలూ ఉండి తీరాలని కాదని ఆయనే అదే వ్యాసంలో స్పష్టంగా రాశారు. ఆ ఒక్క వాక్యం మా శిక్షకుడు చదివి ఉంటే ఆ పెద్దాయన భోజనం తర్వాత కూడా తన కుర్చీలో ఉండేవారు.

అంకెలు, గడువులు పనికిరావని నేను అనడం లేదు. స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం పెట్టుకున్నవారు ‘నా శాయశక్తులా చేస్తాను’ అనుకున్నవారికన్నా మెరుగ్గా పనిచేస్తారని ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ దశాబ్దాల పాటు చూపించారు. ఈతకు, బరువుకు నేను అంకెలే పెట్టుకున్నాను. కోపానికి, ప్రేమకు, వినడానికి అంకె పెట్టడం మాత్రం దారంతో నీళ్లు కట్టేయాలని చూడటమే. మనిషి మనసులో లోతుగా దాచుకున్న కోరికను పదిమంది ముందు లాగి నవ్వించే హక్కు ఏ శిక్షకుడికీ లేదు. అతని దగ్గర ఎన్ని ధ్రువపత్రాలు ఉన్నా సరే.

మిగిలిన పని ఇంట్లోనే, ఒంటరిగా చేశాను. కెనన్ షెల్డన్, ఆండ్రూ ఎలియట్ 1999లో ప్రచురించిన పరిశోధన ఇందులో నాకు దారి చూపింది. మన ఆసక్తి వల్లో, మనం నమ్మే విలువల వల్లో పెట్టుకున్న లక్ష్యాల కోసం కృషి నిలకడగా సాగుతుందని, అవి నెరవేరినప్పుడు తృప్తి కూడా ఎక్కువగా కలుగుతుందని వారు చెప్పారు. ఒత్తిడి వల్లో, చేయకపోతే సిగ్గుపడాలన్న భయం వల్లో పెట్టుకున్న వాటికి ఆ బలం ఉండదు. కాబట్టి జాబితాలోని ప్రతిదాని పక్కన ఒకే ప్రశ్న రాశాను: ఇది ఎవరికీ తెలియకుండా జరిగినా నాకు కావాలా?

ఉద్యోగంలో పై హోదా అక్కడే రాలిపోయింది. ఎవరికీ చెప్పకూడదంటే ఆ హోదా నాకు అక్కర్లేదు. ఆ పని స్వభావమే నాకు నచ్చదు. ఏళ్ల తరబడి మోస్తున్న కోరిక అది, కొట్టేయగానే భుజాలు తేలికపడ్డాయి. వదులుకోవడం ఓటమి కాదని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి. కార్స్టెన్ రాష్ బృందం 2003లో రాసినదాని ప్రకారం, అందని లక్ష్యాన్ని వదిలి మరొక అర్థవంతమైనదాన్ని పట్టుకోగలిగినవారి మనసు మరింత కుదుటగా ఉంటుంది. వదలడంతో పాటు పట్టుకోవడం కూడా ఉండాలి. వయొలిన్ నిలిచింది. తలుపులు మూసుకుని వాయించినా నాకు కావాలి. బరువు తగ్గడం నిలిచింది కానీ కారణం మారింది, ఇప్పుడు అది మోకాళ్ల కోసం.

తర్వాత, నిలిచిన ప్రతిదానికీ ‘ఇలా అయితే అలా చేస్తాను’ అనే వాక్యం ఒకటి రాశాను. ఇదీ గోల్‌విట్జర్ చెప్పిన పద్ధతే. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి, దీని ప్రభావం చెప్పుకోదగ్గదని చూపారు. నా వాక్యం ఇది: “ఆదివారం భోజనం కాగానే ఫోను వేరే గదిలో పెట్టి నాన్న పక్కన కూర్చుంటాను. ఆయనకు చెప్పే ఓపిక లేకపోతే పాత ఫొటోలు చూస్తాం.” పేజీల లెక్క లేదు. గడువు లేదు. అయినా నోటుపుస్తకం నిండుతోంది. ఆ శిక్షణలో ఉండగా నాన్న చెప్పని సంగతులు, తన తొలి ఉద్యోగం పోయిన రోజుతో సహా, ఇప్పుడు చెబుతున్నారు. నా లక్ష్యాలలో ఏది ఎందుకు అక్కడ ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ గదిలో చప్పట్లు కొట్టినవారిలో ఎందరు అలా చెప్పగలరో అడగాలని ఉంది.

మీరూ ఇలాంటి శిక్షణలో చేరబోతుంటే, రుసుము కట్టేముందు ఒక్క మాట అడగండి: లక్ష్యాలను అందరి ముందు చదవాలా? అవునంటే చేరవద్దు. మీరే రాసుకుంటుంటే తొలి జాబితాను వెంటనే ఎవరికీ చూపకండి, కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ చదవండి. కొన్ని వాటంతటవే పరాయివిగా కనిపిస్తాయి. ఇక శాతాలు పంపమనే బృందాలకు దూరంగా ఉండండి.

రెండో విడత శిక్షణకు రమ్మని వారి దగ్గరి నుంచి ఇంకా ఫోన్లు వస్తున్నాయి. నేను ఉత్తరం రాసి మూడు ప్రశ్నలు అడిగాను. యేల్ అధ్యయనం ఎక్కడ అచ్చయింది? 21 రోజులకు ఆధారం ఏమిటి? ఆ పెద్దాయనకు క్షమాపణ చెప్పారా? మొదటి రెండింటికి జవాబు లేదు. మూడోదానికి “అది మా శిక్షణ పద్ధతిలో భాగం” అని ఒక వాక్యం వచ్చింది. రుసుములో మిగిలిన వాయిదా కట్టబోనని నిన్ననే తిరిగి రాశాను.