ఎర్రగడ్డ అన్న పిల్లవాడికి సున్నా వేసిన రోజు

మాట, వినికిడి లోపాలకు చికిత్స నేర్పే డిగ్రీలో ఇంటర్న్‌షిప్ సంవత్సరం. ఒక ఉదయం, నగరంలోని ఒక ఆసుపత్రిలో, మాట పరీక్ష కోసం ఐదేళ్ళ పిల్లవాడి ముందు బొమ్మల పుస్తకం తెరిచి ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి పేరు అడుగుతున్నాను. కల్యాణదుర్గం వైపు నుంచి కూలిపనికి వచ్చిన దంపతుల బిడ్డ. ఉల్లిపాయను చూసి "ఎర్రగడ్డ" అన్నాడు. బంగాళాదుంపను చూసి "ఉర్లగడ్డ" అన్నాడు. గోరుచిక్కుడును చూసి "మటిత్తాయ" అన్నాడు. పుస్తకం వెనక ఉన్న జవాబుల పట్టికలో ఈ మాటలేవీ లేవు కాబట్టి మూడింటికీ సున్నా వేసి పేజీ తిప్పాను.

నేను పుట్టి పెరిగింది రాయదుర్గంలో. ఉల్లిపాయ అనే మాట నేను బడికి వెళ్ళేదాకా మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఆ బిడ్డ చెప్పినవి సరైన పేర్లేనని నాకు తెలిసి కూడా, పరీక్ష అంటే పుస్తకంలో ఉన్నట్టే జరగాలన్న భయంతో అలా చేశాను. సాయంత్రం నా కాగితాలు చూసిన, మా పనిని పర్యవేక్షించే మేడమ్ "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అని అడిగారు. ఎర్రగడ్డ అంటామని చెప్పాను. "మరి మాట రానిది ఈ బిడ్డకా, ఈ పుస్తకానికా?" అన్నారు. అంతకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాత ఆవిడ చూపించిన విషయం. గోరుచిక్కుడును మా వైపు మటిక్కాయ అంటాం. ఆ పిల్లవాడు దాన్ని "మటిత్తాయ" అన్నాడు. అంటే క పలకవలసిన చోట త పలుకుతున్నాడు. చిన్నపిల్లల్లో ఇది సహజమే అయినా, ఐదేళ్ళు వచ్చేసరికి పోయి ఉండవలసిన అలవాటు. ఇంటి మాటను తప్పుగా లెక్కగట్టే తొందరలో అసలు సమస్యను నేను వినలేదు.

ఈ చదువుకు దరఖాస్తు చేసుకోవాలనుకుంటున్న అనంతపురం, కడప, కర్నూలు పిల్లలు కొందరు ఈ మధ్య నన్ను అడుగుతున్న ప్రశ్నలన్నింటికీ నా జవాబు ఈ సంఘటన దగ్గరే మొదలవుతుంది.

ముందు దారి చెబుతాను. మన దేశంలో ఈ డిగ్రీని బీఏఎస్ఎల్‌పీ (బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ) అంటారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. బైపీసీ వాళ్ళకు మాత్రమే అనుకుంటారు గాని, ఎంపీసీ చదివినవాళ్ళు కూడా చేరవచ్చు. మన రాష్ట్రం నుంచి ఎక్కువమంది చూసేవి రెండు: 1965లో మొదలైన మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబయి కేంద్రంగా ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ఉన్న ప్రాంతీయ కేంద్రం. డిగ్రీ అయ్యాక, ఈ వృత్తివారిని నమోదు చేసే కేంద్ర సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ కౌన్సిల్ 1992 చట్టం ప్రకారం ఆ నమోదు లేకుండా ఈ వృత్తి చేయడం తప్పు. పీజీ రెండేళ్ళు, ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. వినికిడి వైపు వెళ్ళేవారు ఆడియాలజీ, మాట వైపు వెళ్ళేవారు స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ తీసుకుంటారు. ప్రవేశ పరీక్షలో డిగ్రీలో చదివిన పాఠాలే అడుగుతారు కాబట్టి, దానికోసం కొత్త పుస్తకాలు కొనడం కన్నా మొదటి రెండేళ్ళ శరీర నిర్మాణం, ధ్వనిశాస్త్రం నోట్సును మళ్ళీ చదవడం మేలు.

అమెరికా వెళ్ళాలనుకునేవారికి లెక్క వేరు. అక్కడ మాట వైపు వృత్తిలో అడుగు పెట్టడానికే మాస్టర్స్ కావాలి. చదువు కాలంలో 400 గంటల క్లినిక్ అనుభవం చూపించాలి, అందులో 25 గంటలు కేవలం గమనించినవి. నేను కూడా అక్కడి రెండు విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పంపాను. ఒకచోట సీటు వచ్చింది గాని, తీసుకోవలసిన అప్పును, మా నాయన వయసును పక్కపక్కన పెట్టి చూసుకుని పీజీకి మైసూరుకే వెళ్ళాను. ఆ నిర్ణయానికి నేను ఏ రోజూ చింతించలేదు.

ఆ దరఖాస్తుల వల్ల నాకు దక్కిన మేలు ఒకటుంది. ఈ చదువు ఎందుకో రెండు పేజీల్లో రాసి పంపమన్నారు. మొదటిసారి రాసినదాంట్లో సేవ చేయాలని ఉందనీ, చిన్నప్పటి నుంచీ ఇదే నా కల అనీ రాశాను. చదివి చూసుకుంటే అది ఎవరైనా రాయగలిగిన కాగితంలా ఉంది. చింపేసి, ఎర్రగడ్డ బొమ్మకు సున్నా వేసిన రోజును ఉన్నది ఉన్నట్టు రాశాను. నా తప్పేమిటో, ఆ తర్వాత ఆ బిడ్డకు ఏం చేశామో రాశాను. దరఖాస్తు రాసేవారికి నేను చెప్పగలిగింది ఇదే: మీరు దగ్గరగా చూసిన ఒక్క మనిషి గురించి రాయండి, ఆ మనిషి దగ్గర మీకు అర్థం కానిదేదో అది కూడా రాయండి.

ఆ బిడ్డకు ఏం చేశామంటే, ఒక్క అక్షరం మారితే అర్థం మారే మాటల జతలు వెతికాం. మేక, మేత. కాళ్ళు, తాళ్ళు. నాలుగు బొమ్మలు గీసి బల్ల మీద పరిచాను. వాడు "మేత ఇయ్యి" అంటే గడ్డిమోపు బొమ్మే ఇచ్చాను. వాడికి కావలసింది మేక. గడ్డి వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ "మేత" అన్నాడు, మళ్ళీ గడ్డే వచ్చింది. తన నోట్లో ఏదో మారితే తప్ప మేక చేతికి రాదని బిడ్డకు తెలిసిన ఆ క్షణం ముఖంలో కనిపిస్తుంది. నాలుక కొస కిందికి ఉంచి, వెనక భాగాన్ని అంగిలికి తాకించడం అద్దంలో చూసి నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. మేకను మొదటిసారి గెలుచుకున్న రోజు వాళ్ళమ్మ ఆ బొమ్మను ఇంటికి అడిగి తీసుకుపోయింది.

మైసూరులో చదువు సులభం కాదు. నాడీవ్యవస్థ, గొంతు, నత్తి, మింగడంలో ఇబ్బందులు, మాట రానివారికి బొమ్మల పలకల ద్వారా సంభాషణ, ఇవన్నీ పాఠాలే. మింగడం కూడా మన పనేనని చేరేదాకా చాలామందికి తెలియదు. పక్షవాతం వచ్చినవారికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రాకుండా చూడడంలో మన పాత్ర పెద్దది. పలికిన ప్రతి శబ్దాన్నీ గుర్తుతో రాసే ధ్వనిలిపిలో ఒక నిమిషం మాటను రాయడానికి మొదట్లో నాకు గంట పట్టేది. పుస్తకాలు ఇంగ్లీషు, క్లినిక్‌కు వచ్చేవారిలో ఎక్కువమందిది కన్నడం. బళ్ళారి పొలిమేరలో పెరిగినందువల్ల కన్నడం నా చెవికి కొత్త కాదు గాని, మాట్లాడడం వేరు, ఆ భాషలో ఒక బిడ్డ ఏ అక్షరాన్ని ఏ వయసుకు పలకాలో తెలుసుకోవడం వేరు. రాత్రుళ్ళు హాస్టల్‌లో తోటి విద్యార్థినులను కూర్చోబెట్టి వాళ్ళ ఊళ్ళలో వస్తువులను ఏమంటారో రాసుకునేదాన్ని. మండ్య పిల్ల చెప్పే పేరు, ధార్వాడ పిల్ల చెప్పే పేరు వేరుగా ఉండేవి. బాధ మా రాయలసీమదొక్కటే కాదని అప్పుడు తెలిసింది.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, "టాన్" అన్న ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగి మెదడును మరణానంతరం పరిశీలించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బను చూపించాడు. ఈ పాఠాన్ని ప్రతి విద్యార్థీ బట్టీ పడతాడు. నాకు అది పాఠంగా కాక మనిషిగా ఎదురైంది రెండో సంవత్సరంలో, పరిశోధన వ్యాసం కోసం అనంతపురం వచ్చినప్పుడు. అరవై దాటిన రైతు, పక్షవాతంతో కుడిచేయి పడిపోయింది. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు ఆగకుండా చెబుతాడు, వారాల పేర్లు చెబుతాడు. ఎదురుగా ఉన్న వస్తువు పేరు మాత్రం రాదు. అలవాటుగా దొర్లే మాట నిలిచి, వెతికి తెచ్చుకోవలసిన మాట పోవడం, మెదడు దెబ్బతిని మాట పోయే ఈ జబ్బులో మామూలే. అలాంటప్పుడు మొదటి అక్షరం అందిస్తే చాలాసార్లు మిగతా మాట దొరుకుతుంది. వేరుశనగ బొమ్మ చూపించి "వే..." అని అందించాను. పెదాలు కదిలాయి, మాట రాలేదు. రెండోసారీ అంతే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గడప దగ్గర కూర్చున్న ఆయన భార్య "ఆయప్ప ఆ మాట ఎప్పుడూ అనల్యా పాపా, సెనక్కాయ అంటాడు" అంది.

నా చెవులు వేడెక్కాయి. అదే తప్పు, రెండోసారి. బొమ్మను మళ్ళీ చేతికిచ్చి "సె..." అన్నాను.

"సె... సెనక్కాయ" అన్నాడాయన. కాసేపాగి, ఎడమచేత్తో నేలను చూపించి, "పెరకల్ల" అన్నాడు.

పెరకాలి అని. అది పైరు పెరికే నెల. నేను అడిగింది ఒక నామవాచకం, ఆయన ఇచ్చింది ఆ ఇంట్లో ఆ రోజు జరగవలసిన పని. అప్పటిదాకా అనుకున్న అంశాన్ని మార్చుకుని, మాట కోల్పోయిన మన జిల్లా పెద్దలకు పుస్తక భాషలో అందించిన మొదటి అక్షరానికీ, ఇంటి భాషలో అందించిన మొదటి అక్షరానికీ వచ్చే తేడా మీద వ్యాసం రాశాను. నేను చూసినవారు కొద్దిమందే కాబట్టి దాన్ని పెద్ద నిర్ధారణగా చెప్పను.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మాట, భాష లోపం కూడా ఒకటి. కాగితం మీద హక్కు వచ్చింది. మన మూడు జిల్లాల్లో పల్లె నుంచి థెరపీకి వచ్చే తల్లి ఒక రోజు కూలి పోగొట్టుకుని రెండు బస్సులు మారి వస్తుంది. అంత దూరం వచ్చిన ఆమె బిడ్డకు తెలియని పేర్లున్న పుస్తకం తెరవడం న్యాయం కాదు. ఈ చదువు పూర్తిచేసి పెద్ద నగరాల్లో స్థిరపడేవారిని నేను తప్పుపట్టను, జీతాల తేడా నాకు తెలుసు. అయినా ఇక్కడి మాట వినగలిగిన చెవి ఇక్కడ కావాలి.

ఇప్పుడు నా గదిలో నేను ఫోటోలు తీసి అట్టలకు అతికించిన బొమ్మలు నూట నలభై ఉన్నాయి. ఎర్రగడ్డ, ఉర్లగడ్డ, మటిక్కాయ, ఓళిగ, ఊరిబిండి నూరే రోలు, సంగటి కెలికే తెడ్డు. ప్రతి అట్ట వెనకా రాయదుర్గంలో ఏమంటారో, తాడిపత్రిలో ఏమంటారో, ఆదోనిలో ఏమంటారో పెన్సిల్‌తో రాసుకున్నాను. కడప వైపు మాటలు ఇంకా చాలా ఖాళీగానే ఉన్నాయి. వచ్చే నెల ప్రొద్దుటూరు నుంచి ఒక విద్యార్థిని గమనింపు గంటల కోసం నా దగ్గరికి వస్తోంది. మొదటి రోజే ఆ అమ్మాయి చేతికి పెన్సిలిచ్చి ఈ అట్టల ముందు కూర్చోబెడతాను.