కళింగపట్నంలో మోకాలి లోతు గొయ్యి

శ్రీకాకుళం కాంప్లెక్సులో కళింగపట్నం బస్సెక్కాం, నేనూ మా మేనల్లుడూ. వాడి ఒళ్లో ఒక పెట్టె. అందులో ఏముందని కండక్టరు అడిగితే "భూకంపాలు రాసే మిషను" అని నిజం చెప్పేశాడు. ఇక దిగేదాకా వెనక సీట్లలో అదే కబురు.

వాడు జియోఫిజిక్స్ చదువుతున్నాడు. నేల పైపొర, అంటే క్రస్టు, మన దగ్గర ఎంత మందం ఉందో చూడటం వాడి ప్రాజెక్టు. గొయ్యి తవ్వడానికి తోడు రమ్మన్నాడు. మేనమామకైతే కూలి ఇవ్వక్కర్లేదు మరి.

తెలిసినవాళ్ల జీడితోటలో మోకాలి లోతు తవ్వేసరికి నా నడుం పట్టేసింది. అడుగున రాతిపలక పరిచి, దానిమీద సీస్మోమీటరు పెట్టి, రసమట్టంలో బుడగ మధ్యకొచ్చేదాకా మరలు తిప్పుతూ వాడు అరగంట పైనే కూర్చున్నాడు. బయట బ్యాటరీ, సోలార్ పలక, కచ్చితమైన టైము కోసం జీపీఎస్ తీగ.

తోట కాసే తాత వచ్చి నిలబడ్డాడు. "పెట్రోలు పడిందేటి బాబూ? భూములు తీసేసుకుంటారేటి?"

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మావాడు ఓపిగ్గానే చెప్పాడు, నేల లోపల ఎలా ఉందో చూడటానికేనని.

"సంతలో కుండని కొట్టి సూసినట్టా?"

"అంతే తాతా."

"మరి కొట్టేదెవులు?"

"జపాన్ భూకంపం."

తాత నవ్వాడు గానీ అందులో అబద్ధం లేదు. జపాన్‌లో పెద్ద భూకంపం వస్తే మొదటి అల, దాన్ని పీ అల అంటారు, తొమ్మిది నిమిషాల చిల్లరకి మన కాళ్ల కిందకి చేరుతుంది. క్రస్టు అడుగుని దాటి పైకొచ్చేటప్పుడు అందులో కొంత ఎస్ అలగా మారిపోతుంది. ఎస్ నడక నెమ్మది, వెనకబడుతుంది. ఆ వెనకబాటు సెకనుకి సుమారు 8 కిలోమీటర్ల లోతని మోటు లెక్క. నాలుగున్నర సెకన్లు వస్తే అడుగు 36, 37 కిలోమీటర్ల కింద ఉన్నట్టు. ఆ అడుగుని మొదట పసిగట్టినవాడు క్రొయేషియా శాస్త్రవేత్త మొహొరొవిచిచ్, 1909లో జాగ్రెబ్ దగ్గర వచ్చిన భూకంపం గీతల్లో. అలలు పైన సెకనుకి 6 కిలోమీటర్లు పోతుంటే, ఆ అడుగు కింద 8 పోతున్నాయి. మన దేశంలో 1970ల్లో కావలి నుంచి ఉడిపి దాకా బోర్లలో మందు పేల్చి ఇలాగే చూశారు. మావాడికి అంత డబ్బూ లేదు, పర్మిషనూ లేదు. ఎక్కడో భూకంపం వచ్చేదాకా నెలల తరబడి కాచుకోవడమే.

ల్యాప్‌టాప్ తెరిచాడు. తాత అడుగేస్తే గీత ముల్లులా లేచింది. ఆయన కావాలని నాలుగుసార్లు అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. తర్వాత అందరం కదలకుండా నిలబడినా గీత నిలవలేదు, ఉయ్యాలలా ఊగుతూనే ఉంది. సముద్రం! అలలు మనకి తెలియకుండా నేలని ఊపుతూనే ఉంటాయట. ఒకప్పుడు ఈ రొద పనికిరాదని తీసి పారేసేవాళ్లు. ఈ ఇరవై ఏళ్లలో దాన్నే వాడుకుంటున్నారు: రెండు చోట్ల నెలల తరబడి రాసిన రొదని పోల్చి, ఆ మధ్య నేలలో అల ఎంత వేగంగా పోతుందో తీసి, కింది రాళ్ల సంగతి చెబుతున్నారు. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది. చిన్నప్పుడు ఇక్కడికి వస్తే ఆ హోరుకి నాకు నిద్ర పట్టేది కాదు.

సాయంత్రం ఒడ్డుకి వెళ్లాం. ఇసుకలో నల్లటి, ఎర్రటి చారలు. ఎర్రవి గార్నెట్లనే ఖనిజం గింజలు. తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లు అరిగి నదుల్లో కొట్టుకొచ్చినవి. ఆ రాళ్లు సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట, పాతిక కిలోమీటర్ల చుట్టుపక్కల లోతున ఉడికినవట. అంత లోతు సరుకు నా చెప్పుల్లో దూరి గుచ్చుకుంటోంది.

సామాను సర్దుకోవడానికి తోటకి తిరిగొచ్చేసరికి గొయ్యి పక్కన కట్టేసి ఉండే ఆవు లేదు. తాత దాన్ని ఆ చివరి చెట్టుకి కట్టి వస్తున్నాడు.

"ఇది కాళ్లు కొట్టుకుంతాది బాబూ. జపాన్ ఇనపడదు."