బల్లార్షా ఎండలో ఐస్ హాకీ

మే నెలలో బల్లార్షా వెళ్తానంటే ఇంట్లో అందరూ వద్దన్నారు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా ఎండ సంగతి మంచిర్యాల వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళో 45 డిగ్రీలుంటే అక్కడ 47. కానీ మేనత్త ఫోన్‌లో అన్న మాట విన్నాక ఆగలేకపోయాను. "మా గల్లీ పోరగాండ్లు చక్రాల బూట్లేసుకొని హాకీ ఆడుతున్నర్రా. మంచు మీద ఆడుతరట గదా, గా ఆటనే."

ఐస్ హాకీ అంటే నాకు చెప్పలేనంత ఇష్టం. కెనడా, రష్యా, ఫిన్లాండ్ వాళ్ళు బాగా ఆడతారంటే అందులో వింతేం లేదు, చలికాలంలో వాళ్ళ ఇళ్ళ వెనక చెరువులు గడ్డకట్టే ఉంటాయి. మంచు ముఖమే చూడని దేశాలు ఈ ఆటను ఎలా పట్టుకుంటున్నాయన్నదే నేను ఎప్పుడూ వెతికి చదివేది. అలాంటిది మా మేనత్త గల్లీలోనే మొదలైందంటే ఎండ గురించి ఏం ఆలోచిస్తాను?

కాగజ్‌నగర్ దాటిన దగ్గర్నుంచి పట్టాలకు రెండు వైపులా అడవే. విరూర్, మాణిక్‌గఢ్ స్టేషన్లు పోయాక వార్ధా నది వంతెన వస్తుంది. నదిలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనబడింది. బోగీలో మాటలు కూడా తెలుగులో మొదలై, మధ్యలో హిందీ కలిసి, మరాఠీలో తేలుతున్నాయి. ఈ నది పక్కనున్న రాజురా తాలూకా 1956 దాకా మన ఆదిలాబాద్ జిల్లాదే. మా మేనత్త అత్తగారి తరం వాళ్ళు ఇప్పటికీ "మన జిల్లా" అనే అంటారు.

బల్లార్షా స్టేషన్ గోడల మీద తాడోబా అడవి పులులు, ఆదివాసీ బొమ్మలు వేశారు. 2018లో దేశంలోకెల్లా అందంగా తీర్చిదిద్దిన స్టేషన్లుగా దీనికీ చంద్రపూర్‌కీ కలిపి రైల్వే శాఖ మొదటి బహుమతి ఇచ్చింది. చూసి తీరాల్సిన స్టేషనే. నేను మాత్రం తలకు తువ్వాల చుట్టుకొని ఆటో ఎక్కేశాను.

మామయ్య పేపర్ మిల్లులో చేసి రిటైరయ్యారు. ఆ మిల్లు కోసం, బొగ్గు బావుల కోసం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. బతుకమ్మ ఆడతారు, గణపతిని మరాఠీ వాళ్ళతో కలిసి నిలబెడతారు. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఆటలో హిందీ మాట్లాడతారు. అత్త సర్వపిండి పెట్టింది. తిని, కూలర్ ముందు కూర్చుని, పొద్దు వాలే దాకా ఓపిక పట్టాను.

ఆడే చోటు ఒక పాత బాస్కెట్‌బాల్ కోర్టు. అంతా సిమెంటు. సాయంత్రం ఆరైనా చెప్పుల్లోంచి వేడి తెలుస్తోంది. కోచ్ మిల్లు కార్మికుడి కొడుకు, ముప్పై లోపు వయసు, చిన్నప్పుడు నాగపూర్‌లో స్కేటింగ్ నేర్చుకున్నాడు. "రా అన్నా, కూసో" అని ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఓ పిల్లాడి బూటు విప్పి చక్రం చూపించాడు. "ఎండకు ఇది మెత్తబడుతది. మెత్తబడ్డదంటే నేలను పట్టుకుంటది, ఉరకదు. అందుకే పొద్దు పోయినంకనే దిగుతం."

వాళ్ళు ఆడేది ఇన్‌లైన్ హాకీ. మన దేశంలో దీన్ని రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ నడుపుతుంది. ఐస్ మీదైతే గోలీ, అంటే గోల్ కాచేవాళ్ళు కాక ఐదుగురు దిగుతారు, ఇక్కడ నలుగురు. ఐస్ హాకీ పక్ గట్టి రబ్బరు బిళ్ళ, 7.6 సెంటీమీటర్ల వెడల్పు, అంగుళం మందం, 170 గ్రాముల దాకా బరువు. ఆటకు ముందు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు, ఎగరకుండా జారాలని. సిమెంటు మీద అది కదలదు. అందుకని ఇన్‌లైన్ పక్‌ను తేలికైన ప్లాస్టిక్‌తో చేసి, రెండు ముఖాలకూ నున్నటి బొడిపెలు పెడతారు. నేల మీద ఆనేది ఆ బొడిపెలే. నేను చూసిన పక్‌కు ఒకవైపు బొడిపెలు అరిగి దాదాపు సమమైపోయాయి. పిల్లలు ఆ ముఖాన్ని పైకి తిప్పుకొని ఆడుతున్నారు.

గోల్‌పోస్టు ఇనప పైపులతో వెల్డింగ్ చేయించింది. దానికి కట్టింది వార్ధాలో చేపలు పట్టే వల. గోలీగా నిలబడ్డది పన్నెండేళ్ళ అమ్మాయి. ఆమె కాళ్ళకున్న ప్యాడ్లు దగ్గరికెళ్ళి చూశాను. లోపల పరుపు స్పాంజి, పైన ఎర్ర రెక్సిన్, అంచుల్లో రెండు వరసల కుట్టు. ఆటో సీట్లు కుట్టే ఆయన చేసిచ్చాడట. మోకాలి దగ్గర వంగడానికి వీలుగా స్పాంజిని మూడు ముక్కలుగా కోసి విడివిడిగా కుట్టాడు. అసలు ప్యాడ్ ఆయన ఎప్పుడూ చూసి ఉండడు, కోచ్ ఫోన్‌లో బొమ్మ చూపిస్తే అర్థం చేసుకున్నాడు. ఆ పనితనానికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఆట మంచి వేగంగా సాగింది. ఒక పిల్లాడు పక్‌ను స్టిక్కు ముందు, వెనక మార్చి మార్చి తోస్తూ ఇద్దరిని దాటించిన తీరు చూస్తే వాడిని రేపే ఐస్ మీద దించాలనిపిస్తుంది. అదే మాట కోచ్‌తో అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"ఉరుకుడు వస్తది అన్నా. స్టిక్కు పట్టుడు, పాస్ ఇచ్చుడు అంతా వస్తది. ఆగుడు రాదు."

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వేడి దేశాల ఐస్ హాకీ కష్టమంతా ఇక్కడే ఉంది. ఐస్ మీద ఆగాలంటే బూట్ల కిందుండే రెండు బ్లేళ్ళనూ ఒక్కసారిగా అడ్డం తిప్పి, మంచు పైపొరను చెక్కుతూ నిలబడాలి. చక్రాల మీద అలా తిప్పితే చక్రం నేలను పట్టేసుకుని మనిషిని విసిరేస్తుంది. అందుకే వీళ్ళు ఒక కాలు వెనక అడ్డంగా ఈడ్చి ఆగుతారు, లేదంటే వంపు తిరిగి వేగం తగ్గించుకుంటారు. హాకీలో ఆగడం, తిరగడం, మళ్ళీ పరుగందుకోవడం రెండు మూడు క్షణాలకోసారి చెయ్యాలి. ఒంటికి ఏళ్ళ తరబడి పట్టిన అలవాటును ఐస్ మీద మార్చుకోవాలంటే వారాలు పడుతుంది. మన పిల్లలకు దొరికేది, పోటీకి ముందు ఏ రెండు మూడు రోజులో.

ఆయనకు తెలిసిన ఒక కుర్రాడు చలికాలంలో లేహ్ వెళ్ళాడట. మొదటి రోజంతా ఆగాల్సి వచ్చిన ప్రతిసారీ పడ్డాడు. పైగా లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, ఊపిరి అందదు. సరిగ్గా నిలబడటం వచ్చేసరికి రైలు టికెట్ తారీఖు వచ్చింది.

అయినా చక్రాల దారే సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతాను. కెన్యానే చూడండి. నైరోబీలో పనారి హోటల్లో ఒక చిన్న రింకు, అంటే ఐసు పరిచిన ఆట స్థలం ఉంది, తూర్పు ఆఫ్రికా మొత్తానికీ అదొక్కటే. రోడ్ల మీద చక్రాలతో తిరిగే కుర్రాళ్ళే అక్కడ బ్లేళ్ళు కట్టుకొని ఐస్ లయన్స్ జట్టు అయ్యారు. 2024లో కెన్యాకు అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో సభ్యత్వం వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో షాపింగ్ మాల్ రింకుల్లో పిల్లలు తయారయ్యారు. 2017లో కౌలాలంపూర్ ఆగ్నేయాసియా క్రీడల్లో ఐస్ హాకీ మొదటిసారి పెడితే, ఆ దేశమే స్వర్ణం కొట్టింది. అరిజోనా ఎడారి ఊళ్ళో పెరిగిన ఆస్టన్ మాథ్యూస్ 2016లో ఉత్తర అమెరికా పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఎంపికయ్యాడు. అతను చిన్నప్పుడు చూసి పెరిగిన అక్కడి జట్టు 2024లో యూటాకు తరలిపోయింది కూడా. జట్టు వెళ్ళినా పిల్లలు ఆడుకునే రింకులు మిగిలాయి.

జమైకా కథ వేరు. 2019లో ఫ్లోరిడాలో జరిగిన లాటిన్ అమెరికా కప్ గెలిచింది, దేశంలో ఒక్క రింకూ లేదు. ఆడినవాళ్ళలో ఎక్కువమంది కెనడా, అమెరికాల్లో పెరిగిన జమైకా సంతతి పిల్లలు. గెలిచినందుకు సంతోషమే. కానీ ఆట పెరగడమంటే కప్పు ఇంటికి రావడం కాదు, కింగ్‌స్టన్‌లో ఒక పిల్ల సాయంత్రం పూట ఐస్ మీద దిగగలగడం. బల్లార్షాకూ ఇదే లెక్క.

మర్నాడు పొద్దున తర్రీ పోహా తిన్నాక కోచ్ నన్ను ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. నేనే అడిగాను. ఓనరు పెద్దపల్లి వైపు మనిషి, మామయ్యకు తెలిసినాయనే. రేకుల షెడ్డు. లోపలికి వెళ్ళగానే అమోనియా వాసన ముక్కును పట్టేసింది. నేల మీద వరసగా చెక్క మూతలు. ఒకటి ఎత్తి చూపించారు. కింద పెద్ద ట్యాంకు నిండా ఉప్పునీళ్ళు, వాటిలో నిలువుగా దించిన పొడవాటి రేకు డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్ళు. కంప్రెసర్ ఉప్పునీళ్ళను సున్నా కన్నా పది డిగ్రీల దాకా కిందికి దించుతుంది. ఉప్పు ఉంది కాబట్టి అవి గడ్డకట్టవు, డబ్బాల్లో నీళ్ళే గడ్డకడతాయి. గొలుసు కప్పీతో ఒక డబ్బాను పైకి లాగి, మామూలు నీళ్ళ తొట్టిలో ఒక్కసారి ముంచి ఒంచారు. మనిషి నడుమెత్తు గడ్డ జర్రున జారి సిమెంటు మీదికి వచ్చింది. దాని మధ్యలో తెల్లటి గీత, చుట్టూ అద్దం.

"రింకు కూడా ఇదేనండీ" అని ఓనరుతో అన్నాను. నేల కింద పైపులు పరుస్తారు, వాటిలో ఇలాంటి ఉప్పునీళ్ళో, అలాగే గడ్డకట్టని గ్లైకాల్ ద్రవమో తిప్పుతారు, పైన కాంక్రీటు. దాని మీద నీళ్ళు పలచగా చల్లుతూ పొర మీద పొర గడ్డకట్టించి అంగుళం పైన మందం తెస్తారు. అంతకుమించి మాయేం లేదు. ప్రపంచంలో ఎన్నో రింకుల్లో ఐసు నునుపు చేయడానికి వాడే జాంబోనీ యంత్రాన్ని కనిపెట్టిన ఫ్రాంక్ జాంబోనీ కూడా ఐసు గడ్డలు అమ్ముకున్నాయనే. ఉండేది దక్షిణ కాలిఫోర్నియా, మంచు పడని చోటు. ఇళ్ళలోకి ఫ్రిజ్‌లు వచ్చి గడ్డల గిరాకీ తగ్గుతుంటే, ఆ చల్లబరిచే విద్యతోనే 1940లో రింకు పెట్టాడు. 1949లో యంత్రం చేశాడు. అంతకుముందు ఒకసారి ఐసు చదును చేయాలంటే ముగ్గురు నలుగురికి గంట పైనే పట్టేదట.

ఓనరు అంతా శ్రద్ధగా విన్నాడు. "చేసుడు కష్టం గాదు సార్. కరెంటు బిల్లు ఎవరు కడతరు?"

అది నిజమైన ప్రశ్న. రింకుకు రోజూ అయ్యే ఖర్చులో పెద్దది చల్లదనానికే. కంప్రెసర్ ఆపితే ఐసు పోతుంది, నిలబెట్టాలంటే ఆట లేని రోజు కూడా కరెంటు కావాలి. మన దేశంలో కట్టిన రింకు కూడా నిలవకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం పూర్తి కొలతలతో రింకు కట్టి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మూసేశారు. మళ్ళీ తెరిచింది 2025లో. ఈలోగా ఒక తరం పిల్లలు పెద్దవాళ్ళైపోయారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మేం నిలబడ్డ చోటికి పాతిక కిలోమీటర్ల లోపే చంద్రపూర్ థర్మల్ కేంద్రం ఉంది, సామర్థ్యం 2,920 మెగావాట్లు. ఈ జిల్లా తన బొగ్గు తవ్వి, తన గాలి పొగ చేసుకొని రాష్ట్రానికంతా కరెంటు ఇస్తోంది. ఇక్కడి పిల్లలకు ఒక చల్లటి గది, అరవై మీటర్ల పొడవుది, అడగడం అత్యాశ కాదు.

పిల్లల్లో సత్తా లేదని అనడానికి ఎవరికీ ఆధారం లేదు. 2025 జూన్‌లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో మన అమ్మాయిలు కాంస్యం తెచ్చారు, మొదటి పతకం. ఎక్కువమంది లడఖ్, స్పితి లోయల వాళ్ళు, ఏడాదిలో రెండు నెలలు గడ్డకట్టే చెరువుల మీద నేర్చుకున్నవాళ్ళు. స్పీడ్ స్కేటింగ్‌లో తెలంగాణ అమ్మాయి తాళ్ళూరి నయనశ్రీ 2025లో లేహ్‌లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఎండ ఊళ్ళ నుంచి ఐసు దాకా ఇప్పటికే దారి పడింది, ఆ దారిని దగ్గర చేయడమే మిగిలింది.

ఆ రాత్రి కోచ్ ఇంటి ముందు మంచాలు వేసి పిల్లల తల్లిదండ్రులు కూర్చున్నారు. దసరా సెలవుల్లో పిల్లలను డెహ్రాడూన్ తీసుకెళ్ళాలని ఆయన ఆలోచన, ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. పోటీకి కాదు, ఆగడం నేర్చుకోవడానికి. రింకులో రోజుకు రెండు గంటలు దొరికినా చాలని చెప్పాడు. గోలీ అమ్మాయి వాళ్ళమ్మ నన్ను అడిగింది, "మొఖానికి తగుల్తదా అన్నా? రేపు పెండ్లి చెయ్యాలె గద."

ఆడవాళ్ళూ, పద్దెనిమిది నిండనివాళ్ళూ ముఖమంతా కప్పే జాలీయో అద్దమో పెట్టుకునే ఆడాలని అంతర్జాతీయ నియమం ఉందని చెప్పాను. ఫోన్‌లో మన అమ్మాయిల జట్టు ఫొటో చూపించాను. ఆమె దాన్ని పెద్దది చేసి జాలీని పరీక్షగా చూసింది. "గీ ఇనుప కమ్మీ మంచిగనే ఉన్నది" అని పక్కావిడకు ఫోన్ అందించింది. తర్వాత మాటంతా టికెట్ల మీదికి మళ్ళింది. రాత్రిపూట ఢిల్లీ బండ్లలో ఏది నయం, రిజర్వేషన్ ఎప్పుడు తెరుస్తారు, పిల్లల వెంట ఆడవాళ్ళు ఇద్దరు వెళ్ళాలా ముగ్గురా. కోచ్ నోట్‌బుక్ తీసి అందరి కాలి సైజులు రాసుకోవడం మొదలుపెట్టాడు, అద్దెకిచ్చే బూట్లు ఆ సైజుల్లో ఉన్నాయో లేవో ముందే కనుక్కోవాలి కదా.