చెరువు గట్టున మూడు నిమిషాలు

అమెరికాలో కప్పల లెక్క వసంతంలో మొదలవుతుంది. మంచు కరిగి నిండిన మడుగుల దగ్గరకు వాలంటీర్లు రాత్రిపూట వెళ్లి, అరుపులు విని నమోదు చేసే ఫ్రాగ్‌వాచ్ కార్యక్రమం అక్కడ 1998లో మొదలైంది. మన హైదరాబాద్‌లో ఉగాది నాటికి చాలా కుంటలు నెర్రెలిచ్చి ఉంటాయి కనుక, ఇక్కడ ఆ పని మృగశిర కార్తె దాకా ఆగవలసిందే.

గత జూన్‌లో నగర శివారులోని ఒక కుంట దగ్గర, ఉభయచరాలను అధ్యయనం చేసే ఒక పరిశోధకురాలితో కలిసి మేము ఆరుగురం ఆ పద్ధతినే పాటించాము. పొద్దు గూకిన అరగంట తరువాత టార్చీలు ఆర్పి, గట్టు మీద మూడు నిమిషాలు వినాలి. ఒక్కొక్క గొంతును విడిగా లెక్కపెట్టగలిగితే 1, అరుపులు ఒకదానిపై ఒకటి పడుతుంటే 2, తెరిపి లేకుండా హోరెత్తితే 3, ఏమీ వినిపించకపోతే 0 అని రాయాలి. మొదటి రాత్రి మాలో ముగ్గురం కీచురాళ్లను కూడా కప్పల ఖాతాలో వేశాము. ఆవిడ నవ్వలేదు; ఫోనులో రికార్డు చేసినదాన్ని మళ్లీ వినిపించి, చెక్కను తట్టినట్టు ఆగి ఆగి వచ్చే 'టక్ టక్' చెట్టు కప్పదని ఓపికగా చెప్పారు. నీటిలో పసుపు ముద్దల్లా కనిపించినవి జతకట్టే కాలంలో రంగు మారిన బోదురు కప్పల మగవని, గొంతు కింద ఉబ్బే నీలి సంచులను చూపించి వివరించారు.

కప్ప చర్మంతో కూడా శ్వాసిస్తుంది కనుక, దోమల కోసం ఓడోమస్ పూసుకున్న చేతులతో దానిని ముట్టుకోకూడదు. ఒక కుంట బురదతో మరో కుంటకు వెళ్లకూడదు. కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ శిలీంధ్రం తడి బూట్లతో కూడా ప్రయాణిస్తుందట. బూట్లు కడిగి ఆరబెట్టే ఈ పనిని మేము మొదట చాదస్తమనుకున్నామని ఒప్పుకోవాలి.

కొన్ని జాతులు తొలకరి తరువాత కొద్ది రాత్రులే అరుస్తాయి. ఆ కొద్ది రాత్రుల్లో ఒక్క మనిషి పది చెరువుల దగ్గర ఉండలేడు కనుకనే నిపుణులకు మా చెవులు కావాలి. ఇది తెలిసి కూడా నేను, ఏమీ వినిపించని మూడు రాత్రుల కాగితాలను పనికిరావనుకుని పారేశాను. కుంట మూగబోయిందా లేక ఎవరూ వెళ్లలేదా అన్నది ఆ సున్నాయే చెబుతుందని ఆవిడ వివరించి, తేదీలు అడిగారు. రెండు గుర్తుకు వచ్చాయి. మూడవ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.